వీలునామా రాశారా?

వీలునామా మాట ఎత్తితే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "అశుభం పలక్కండి" అంటారు. మేము డాక్టర్లం. చావు వయసు చూసి రాదని ఆస్పత్రిలో రోజూ చూస్తున్నాం గనుక, ఎత్తక తప్పడం లేదు.

కైసర్స్‌లౌటర్న్‌లో మన సంసారాలు రెండు దేశాల మీద నడుస్తున్నాయి. ఇక్కడ ఇల్లు, పొదుపు. అక్కడ కాస్త స్థలం, అమ్మానాన్నలు. ఇండియా పాస్‌పోర్టు ఉంది గనుక మన చట్టమే వర్తిస్తుందని చాలామంది అనుకుంటాం. కాని 2015 ఆగస్టు 17 నుంచి అమలైన యూరోపియన్ నిబంధన ప్రకారం, వీలునామాలో మరోలా కోరకపోతే, స్థిరనివాసం ఉన్న దేశపు చట్టమే చూస్తారు. ఇండియాలోని భూమికి మాత్రం అక్కడి కోర్టులు అక్కడి చట్టాన్నే చూస్తాయి.

తేడా చిన్నది కాదు. 1956 హిందూ వారసత్వ చట్టంలో, కొడుకు వీలునామా రాయకుండా పోతే భార్యాపిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా ఉంది. జర్మన్ చట్టంలో పిల్లలుంటే తల్లిదండ్రులకు వాటా లేదు. నెలనెలా మనం పంపే డబ్బుతో ఇల్లు గడుపుకునే తల్లి గతేమిటి? పిల్లలు లేకపోతేనో, అంతా భార్యకే రాదు, అత్తమామలతో పంచుకోవాలి. పిల్లలు మైనర్లయితే వాళ్ళ వాటా ఉన్న ఇల్లు అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి.

రాయడం కష్టం కాదు. నోటరీ దగ్గరికి వెళ్ళకపోతే, జర్మనీలో వీలునామా మొత్తం సొంత చేత్తో రాసి సంతకం చేయాలి. టైపు చేసి సంతకం పెడితే చాలదు. సాక్షులు అక్కర్లేదు. ఇండియాలో 1925 చట్టం ప్రకారం టైపు చేసినా ఫరవాలేదు గాని, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. కనుక చేత్తోనే రాసి, తేదీ వేసి, ఆస్తి పొందని ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టిస్తే రెండు చోట్లా పనికొస్తుంది. తెలుగులో రాసినా చెల్లుతుంది. తరవాత అనువాదం ఖర్చు తప్పదు.

రెండు దేశాలకు వేర్వేరుగా రాసేవారికి ఒక హెచ్చరిక: రెండోదానిలో "ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు" అని అలవాటుగా రాయకండి. మొదటిది కొట్టుకుపోతుంది.

కాగితాన్ని ఇక్కడి ఆమ్ట్స్‌గెరిష్ట్‌లో, అంటే స్థానిక కోర్టులో, రుసుము కట్టి భద్రపరచవచ్చు. ఆస్తి పెద్దదైతే నోటరీని అడగడం మంచిది.

ఆస్తి లేనివాళ్ళూ రాయవలసిన వాక్యం ఒకటుంది. మనమిద్దరం ఒకేసారి పోతే పిల్లలను ఎవరు పెంచాలి? ఆ పేరు కూడా వీలునామాలో రాయవచ్చు. పిన్నో, మేనమామో, ముందుగా వాళ్ళను అడిగి, ఈ వారాంతంలోనే రాయండి.