నాగలి ముట్టని నేల: అస్కానియా నోవా

చదునైన నేల, రాయీ రప్పా లేదు. అలాంటి భూమి వేల ఎకరాలు చేతిలో ఉంటే ఎవరైనా ఏం చేస్తారు? నాగలి కడతారు. ఉక్రెయిన్‌లో ఒక ఆసామి మాత్రం కట్టనివ్వలేదు. అస్కానియా నోవా అనే చిన్న ఊరికి పేరొచ్చింది ఆ దున్నని నేల వల్లనే.

ఎక్కడుంది?

ఉక్రెయిన్ దక్షిణాన, ఖెర్సోన్ ప్రాంతంలో, నీపర్ నది దిగువకూ క్రిమియాకూ నడుమ ఉందీ ఊరు. చుట్టూ కనుచూపు మేర గడ్డి మైదానం. దాన్నే స్టెప్పీ అంటారు. కొండ లేదు, ఏరు లేదు. ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 400 మిల్లీమీటర్ల వాన. వేసవిలో వడగాలి, చలికాలంలో మంచు. మంచు కరిగిన నీరు పల్లాల్లో నిలిచి పచ్చిక పెరుగుతుంది.

గొర్రెలతో మొదలు

1828లో జర్మనీకి చెందిన ఒక సంస్థానాధీశుడు రష్యా చక్రవర్తి నుంచి ఈ నేల పొంది, మెరినో గొర్రెలనూ కాపరులనూ పంపాడు. ఊరికి తన వంశం పేరే పెట్టుకున్నారు. 1856లో ఫైన్ అనే గొర్రెల ఆసామి దీన్ని కొన్నాడు.

ఆ కుటుంబంలోని వాడే ఫ్రీడ్రిక్ ఫాల్జ్‌ఫైన్. చుట్టుపక్కల స్టెప్పీ అంతా గోధుమ చేలుగా మారిపోతుంటే, 1898లో కొంత నేలను ఎన్నటికీ దున్నకూడదని విడిచిపెట్టాడు. మంగోలియా అడవి గుర్రాలను, ఆఫ్రికా ఎలాండ్ జింకలను తెప్పించి పెంచాడు. మన మనుబోతులు కూడా అక్కడికి చేరాయి. తర్వాతి కాలంలో ఎలాండ్లను మచ్చిక చేసి పాలు సైతం పిండారు!

1920, 30లలో ఇవనోవ్ అనే శాస్త్రవేత్త ఇక్కడే పశువుల మీద పనిచేశాడు. స్థానిక జాతికి ఎండనూ కరువునూ తట్టుకునే గుణం ఉంది, సీమ జాతికి దిగుబడి ఉంది. రెండింటినీ కలిపి కొత్త గొర్రె జాతిని, పంది జాతిని తయారుచేశాడు.

దున్నినచోట ఏమైంది?

స్టెప్పీ గడ్డి వేళ్లు వలలా అల్లుకుని మట్టిని పట్టి ఉంచుతాయి. ఆ వల తెగితే గాలికి అడ్డేముంది? 1928లో, 1969లో దక్షిణ ఉక్రెయిన్‌లో దుమ్ము తుపాన్లు లేచాయి. పైమట్టి చేలల్లోంచి ఎగిరిపోయింది.

అలాగని గడ్డిని ముట్టకుండా వదిలేసినా మంచిది కాదు. ఎండుగడ్డి పేరుకుపోయి మొలకలను అణిచేస్తుంది. నిప్పంటుకుంటే ఆగదు. మితంగా మేపడమే దానికి ఆరోగ్యం.

ఇప్పుడు

ఇక్కడ పూర్తి రక్షణలో ఉన్న దున్నని నేల సుమారు 11 వేల హెక్టార్లు, అంటే 27 వేల ఎకరాల పైమాటే. 2022 ఫిబ్రవరిలో ఊరు రష్యా సైన్యం చేతిలోకి వెళ్లింది. యుద్ధంలో గడ్డి కాలింది. 2023 జూన్‌లో కఖోవ్కా ఆనకట్ట కూలి ఆ ప్రాంతపు సాగునీటి కాలువలు ఎండాయి.

కాలిన గడ్డి వేరు బతికుంటే వానకు మళ్లీ చిగురిస్తుంది. దున్నిన స్టెప్పీ మునుపటిలా కావాలంటే మాత్రం దశాబ్దాలు పడుతుంది. గట్టు మీద గడ్డిని కూడా చెక్కి చేనులో కలుపుకునే ముందు రైతు సోదరులు ఈ ఊరి సంగతి ఒక్కసారి తలచుకోవాలి.