గాలిని వాయువుగా దాఁచిన దీవులు

స్కాట్లాండునకు ఉత్తరమున, నిరంతర ప్రభంజనములకు ఆటపట్టైన ఆర్క్‌నీ దీవులలో వృక్షములు అరుదు. పశుపోషణము గ్రామీణుల ముఖ్యవృత్తి. అచటి గాలిమరలు ఏడాదిలో ఉత్పత్తి చేయు విద్యుత్తు దీవుల వార్షికావసరమును మించియున్నది. అయినను, దీవులను ప్రధానభూమితోఁ గలుపు సముద్రగర్భపు కేబుళ్లు ఆ మిగులునంతను మోయఁజాలనందున, గాలి మిక్కుటముగా వీచు వేళలందే మరలను నిలిపివేయవలసి వచ్చుచుండెను.

ఈ చిక్కునకు ఆర్క్‌నీలోని ఈడే యను చిన్నదీవి ఒక యుపాయమును చూపినది. నీటిలో విద్యుత్తును ప్రసరింపఁజేసినచో హైడ్రోజను, ఆక్సిజను విడివడును. ఆ విద్యుత్తు గాలి, ఎండ, అలలవంటి ప్రకృతిశక్తులవలనఁ బుట్టినదైనచో లభించు వాయువే హరిత హైడ్రోజను. 2017లో యూరోపియన్ మెరైన్ ఎనర్జీ సెంటర్ అచటి సముద్రపు పోటుపాటులనుండి తీసిన విద్యుత్తుతో ఈ వాయువును ఉత్పత్తి చేసెను. దీవివాసుల ఉమ్మడి గాలిమరయు ఈ పథకమునకుఁ దోడయ్యెను. వాయువును అధికపీడనమున ట్రెయిలర్లలో నింపి, ఓడపై ఆర్క్‌నీ ముఖ్యపట్టణమగు కిర్క్‌వాల్ రేవునకుఁ జేర్చి, ఫ్యూయల్ సెల్‌లో మరల విద్యుత్తుగా మార్చి, రేవున నిలిచిన నౌకలకు అందించుట వారి సంకల్పము.

ఇంతటి వాయువుతో ఇండ్లనేల వెచ్చఁజేయరాదని తోఁచుట సహజమే. కాని లెక్క వేఱుగా నున్నది. ఒక కిలో హైడ్రోజనుకు సుమారు 9 లీటర్ల నీరును, 50 నుండి 55 యూనిట్ల విద్యుత్తును వ్యయమగును. దానిని బాయిలరులోఁ గాల్చినచో తిరిగి లభించు వేడిమి 40 యూనిట్లకు మించదు. అంతే విద్యుత్తును, బయటిగాలిలోని వేడిమిని ఇంటిలోనికిఁ జేర్చు హీట్ పంపున కిచ్చినచో రమారమి 150 యూనిట్ల వేడిమి లభించును. గదిని వెచ్చఁజేయుటకు హైడ్రోజనును వాడుట గంధపుచెక్కను వంటచెఱకు చేయుటయే. ఇంగ్లండులో విట్బీ యను చోట ఇండ్లకు హైడ్రోజను సరఫరా చేయఁదలఁచిన ప్రభుత్వము, నివాసులు ప్రతిఘటింపఁగా, 2023లో ఆ ప్రయత్నమును విరమించుకొనెను.

పొలములోని యంత్రముల సంగతి వేఱు. కోఁతలకాలమున ట్రాక్టరు ప్రొద్దువొడిచినది మొదలు చీఁకటిపడువఱకు విశ్రాంతిలేక శ్రమింపవలెను. అందులకుఁ జాలినంత బ్యాటరీని మోపినచో దాని భారమునకు నేల అణగిపోవును, ఛార్జింగునకుఁ బనివేళలు హరించును. హైడ్రోజనునైతే స్వల్పకాలములో నింపవచ్చును. న్యూ హాలండ్ సంస్థ 2009లోనే ఫ్యూయల్ సెల్ ట్రాక్టరును ప్రదర్శించెను. జేసీబీ సంస్థ హైడ్రోజనును నేరుగాఁ గాల్చు ఇంజనును నిర్మించెను. అయితే ఈ వాయువు తేలికయే గాని మిక్కిలి చోటు నాక్రమించును. వాతావరణపీడనమునకు 350 రెట్లు అదిమినను డీజిలుకన్నఁ బెద్దతొట్టి కావలసియే యుండును.

కావున గ్రామసీమలందు హైడ్రోజనును కోరువారు ముందుగాఁ దమ యూర విద్యుత్తు నిజముగా మిగులుచున్నదా, ఆ మిగులును తీగలు మోయఁజాలవా, పని బ్యాటరీకి మించినదా యని విచారింపవలెను. మూఁడింటికిని అవునను సమాధానము వచ్చినచోటనే ఈ వాయువునకు వ్యయము సార్థకమగును.