దుఃఖితుల నోదార్చుట

దుఃఖ మడుగిడని గృహము లేదు. మరణముగనో, రోగముగనో, దారిద్ర్యముగనో యది యెవరి గుమ్మమునైనను త్రొక్కకమానదు. అట్టి సమయమున పొరుగువారికి మన మేమి చేయవలెను? వంటయు, కుట్టుపనియు నేర్చినంత శ్రద్ధతో ఈ యోదార్పును మనము నేర్చితిమా?

కొంతకాలము క్రిందట మా పొరుగింటి యిల్లాలు నాలుగేండ్ల బిడ్డను జ్వరమువలన గోల్పోయినది. మే మామెకడకు బోయి, "ఏడువకమ్మా! అంతయు దైవసంకల్పము. ఇదియు మన మేలునకే" యని పలికితిమి. ఆమె మారుపలుకక మొగము గోడవైపునకు ద్రిప్పుకొనెను. పిమ్మట పదునైదు దినములు మా గడప త్రొక్కలేదు. మేము చెప్పినది శాస్త్రసమ్మతమే కావచ్చును గాని, ఆ తల్లికి మాత్ర మది పుండుపై కారము.

చిన్ననాట మా తండ్రిగారు భారత భాగవతములతోపాటు బైబిలునుగూడ మాచే జదివించిరి. ఆ దినములలో మరల యోబు గ్రంథమును దెరచితిమి. సంపదను, పదిమంది బిడ్డలను గోల్పోయి, యొడలెల్ల కురుపులతో యోబు బూడిదలో గూర్చుండెను. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను మిత్రులు మువ్వురు వచ్చి, ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపక యతని చెంత నేలపై గూర్చుండిరి. వారు చేసిన మేలంతయు నదియే. నోరు తెరచిన పిమ్మట, అతని పాపమే యీ కష్టమునకు గారణమని వాదించిరి. తుదకు దేవుడు యోబును ప్రశ్నించెనేకాని, యాయన కోపము రగిలినది దైవపక్షమున వాదించితి మనుకొన్న యా మిత్రులపైననే!

యోహాను సువార్త 11వ అధ్యాయమును జూడుడు. లాజరు మరణించి నాలుగు దినములైనది. ప్రభువు ముందుగా వచ్చియుండిన తమ సోదరుడు బ్రదికెడివాడని మార్తయు, మరియయు నొకే మాటతో వాపోయిరి. ఆయన మార్తకు నిరీక్షణ కలుగునట్లు బోధించెను. మరియ యేడ్పును జూచి తానును కన్నీరు విడిచెను. మరికొంతసేపటికి లాజరును లేపబోవువాడే యేడ్చెను! ఒకరికి మాట కావలెను, మరియొకరికి కన్నీరు కావలెను. ఏది యెవరికో యెరుగుటయే యోదార్పు.

ఈ సత్యము నాచరణమున జూపిన వనిత ఇంగ్లాండు దేశపు సిసిలీ సాండర్సు (1918–2005). ఆమె మొదట నర్సు. 1948లో లండనులో కాన్సరుతో మరణించుచున్న డేవిడ్ టాస్మా యను పోలండు దేశపు యూదుని చెంత గూర్చుండి యాతని మాటలు వినెడిది. అతడు, ఆమె కట్టబోవు గృహమునకు తానొక కిటికీ నగుదునని 500 పౌనులు వ్రాసియిచ్చెను. ఆమె 1957లో వైద్యురాలై, 1967లో లండనులో సెయింటు క్రిస్టఫర్సు హాస్పీసును స్థాపించెను. బాధ తిరిగి రాకమునుపే వేళప్రకారము మందొసగుట యామె పద్ధతి. దేహబాధతో బాటు మనోవేదనయు, కుటుంబచింతయు, ఆత్మక్షోభయు నొక్కటిగా పెనవైచుకొనియుండునని యామె బోధించెను. గెత్సేమనే తోటలో ప్రభువు శిష్యులను గోరినది తనతో మేలుకొనియుండుట మాత్రమే. ఆ కోరికయే యామెకు దారి చూపినది.

కావున సోదరులారా కాదు, ముఖ్యముగా సోదరీమణులారా, ఇల్లు నడపు మనకే యీ పని సులువు. దుఃఖగృహమునకు బోయినపుడు కారణములు వెదకవలదు. ఇంత అన్నము, చారు తీసికొనిపోవుడు. పిల్లలకు తల దువ్వుడు. పోయినవారి పేరు పలుకుటకు వెరవకుడు. ప్రార్థన వారు కోరినపుడు చేయుడు, క్లుప్తముగా జేయుడు. బంధువులెల్ల మరలిపోయి యిల్లు బోసిపోయిన పిమ్మట తప్పక మరల బోవుడు.

మేమును మరల బోయితిమి. ఆ తల్లి ప్రక్కన మాటలేక కూర్చుంటిమి. చాలసేపటి కామె లేచి, పెట్టెలోనుండి చిన్న చొక్కా నొకదానిని దెచ్చి మా చేతిలో బెట్టెను. ఇరువురమును ఏడ్చితిమి. మరునాటి యుదయ మామెయే మా గుమ్మముకడకు వచ్చి, "అక్కా" యని పిలిచెను.