రాతిలో ఇరుక్కున్న చమురు

చమురు బావి వట్టిపోయిందంటే అడుగున చమురు లేదని కాదు. చాలా క్షేత్రాల్లో ఉన్న నిల్వలో మూడో వంతు చేతికొస్తే గొప్పే. మిగతాది ఇసుకరాయి రేణువుల మధ్య, వెంట్రుక కంటే సన్నటి సందుల్లో బొట్లుబొట్లుగా చిక్కుకుని ఉంటుంది.

భూమిలోపలి సహజ పీడనం తగ్గాక నీళ్లు ఎక్కించి చమురును పక్క బావివైపు నెట్టడం పాత పద్ధతే. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇది ఎవరూ తలపెట్టకుండానే మొదలైంది. పైపొరల నీరు పాడుబడ్డ బావుల్లోకి దిగితే, చుట్టుపక్కల బావుల్లో ఉత్పత్తి పెరిగింది! అక్కడి చట్టం మాత్రం దీన్ని 1921లో గానీ ఒప్పుకోలేదు.

అయితే సందులో బిగుసుకున్న బొట్టును వట్టి నీరు కదిలించలేదు. నూనె, నీరు కలిసే చోట తలతన్యత మీటరుకు 20-30 మిల్లీన్యూటన్ల దాకా ఉంటుంది. పీడనాన్ని వేల రెట్లు పెంచి నెడదామంటే ముందు రాయే పగులుతుంది. అందుకే సర్ఫాక్టెంట్ అనే రసాయనంతో ఆ బిగువునే సడలిస్తారు. దాని అణువులో ఒక కొన నీటిని, రెండో కొన నూనెను పట్టుకుంటుంది. జిడ్డు బాణలి మీద సబ్బు చేసే పనే ఇది. సరైన మందు కుదిరితే ఆ తన్యత 0.001కి పడిపోతుంది. బొట్టు సాగి, సందు దాటుతుంది.

ఒక్క సర్ఫాక్టెంట్‌తోనే పని కాదు. పలచటి నీరు చమురును వదిలేసి అడ్డదారిన పోతుంది కాబట్టి, దాన్ని చిక్కబరచడానికి పాలిమర్ కలుపుతారు. ఖరీదైన సర్ఫాక్టెంట్‌ను రాయి పీల్చేసుకోకుండా క్షారం చేరుస్తారు. ముడి చమురులోని ఆమ్లాలతో కలిసి ఆ క్షారం భూగర్భంలోనే కొంత సబ్బును తయారుచేస్తుంది. ఈ కిటుకు ముచ్చటైనదే.

ఈ మూడింటినీ కలిపి భారీ ఎత్తున వాడింది చైనాలోని డాచింగ్. 1959లో చమురు పడిన ఆ క్షేత్రంలో ఇప్పుడు బావుల్లోంచి వచ్చేదాంట్లో 90 శాతానికి పైగా నీరే. అక్కడ ఈ మిశ్రమం అసలు నిల్వలో సుమారు మరో 20 శాతాన్ని బయటికి తెచ్చింది. ఊరికే రాలేదు. క్షారం రాతిలోని సిలికాను కరిగిస్తే, అది బావుల్లో గారగా పేరుకుని పంపులు బిగుసుకుపోయాయి.

విజ్ఞానం కంటే లెక్కల పుస్తకమే దీనికి పెద్ద ఆటంకం. రసాయనాలకు డబ్బు ముందే పోయాలి, చమురు ఏళ్ల తర్వాత వస్తుంది. 1986లో ధర కూలగానే అమెరికాలో ఇలాంటి ప్రయోగాలు చాలావరకు మూలపడ్డాయి. మన రాజస్థాన్‌లోని మంగళ క్షేత్రంలోనూ ఈ మూడింటి మిశ్రమాన్ని చిన్న స్థాయిలో పరీక్షించారు. క్షేత్రమంతటా మాత్రం ముందుగా ఎక్కించింది పాలిమర్‌నే.