చదరంగం గళ్లలో బియ్యపు గింజలు

సెలవురోజున పిల్లలు విసిగిస్తున్నారా? చదరంగం బోర్డూ, ఓ గిన్నెడు బియ్యమూ ఇచ్చి కూర్చోబెట్టండి. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా ప్రతి గడిలోనూ ముందుదానికి రెట్టింపు పెట్టమనండి. "ఓస్, ఇంతేనా!" అంటారు.

చదరంగం కనిపెట్టిన పండితుడు రాజుగారిని ఇదే బహుమానం అడిగాడని పాత కథ. 13వ శతాబ్దంలోనే ఇబ్న్ ఖల్లికాన్ అనే రచయిత దీన్ని రాసిపెట్టాడు. కొందరు గోధుమలంటారు, మనం బియ్యమే అనుకుందాం.

కిలోకు సుమారు 40,000 గింజలు వేసుకోండి. మొదటి వరుస ఎనిమిది గళ్లకూ కలిపి 255 గింజలే, గుప్పెడైనా కావు. రెండు వరుసలయ్యేసరికి 65,535, అంటే కిలోన్నర పైమాటే. 21వ గడి ఒక్కదానికే పాతిక కిలోల బస్తా కావాలి! సగం బోర్డుకి 107 టన్నులు. 64 గళ్లూ నిండాలంటే మొత్తం గింజలు ఇవీ:

1,84,46,74,40,73,70,95,51,615

తూకం వేస్తే సుమారు 46,000 కోట్ల టన్నులు. 2023-24లో మన దేశమంతా కలిపి పండించిన బియ్యం దాదాపు 13.8 కోట్ల టన్నులు. ఆ లెక్కన మూడువేల ఏళ్ల పంట పైనే!

ఈ సంఖ్యలో తమాషాలు

* చివర 5 ఉంది కాబట్టి 5తో భాగించవచ్చు. అంకెలన్నీ కూడితే 87, అందుకని 3తోనూ పోతుంది.

* 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 - ఈ ఏడూ ప్రధాన సంఖ్యలే. వీటిని గుణిస్తే సరిగ్గా ఇదే వస్తుంది.

* ఏ గడి చూసినా, అంతకుముందు గళ్లన్నిటి మొత్తం కంటే ఒక గింజ ఎక్కువ. ఎనిమిదో గడిలో 128, ముందు ఏడింటిలో కలిపి 127.

మనకెందుకీ లెక్క అంటారా?

ఈ చివరి తమాషాయే మన పోపుల డబ్బాలోని డబ్బుని కాపాడుతుంది. "అయిదువేలు కట్టండి వదినా, ఇద్దర్ని చేర్పించండి, వాళ్లు మరో ఇద్దరేసిని చేరుస్తారు" అంటూ ఎవరైనా వచ్చారనుకోండి. అదీ రెట్టింపు లెక్కే. 20 వరుసలు నిండితే చేరినవాళ్లు 10,48,575 మంది. అందులో ఆఖరి వరుసవాళ్లే 5,24,288 మంది! వీళ్ల కింద ఎవరూ లేరు, పైసా తిరిగి రాదు. ఎక్కడ ఆగినా సగం మందికి పైగా మునగాల్సిందే. ఆగకుండా సాగుతుందా? 31 వరుసలు నిండాలంటే 214 కోట్ల మంది కావాలి. మన దేశంలో అంత జనం లేరు కదా!

ఇలాంటి గొలుసు స్కీములను 1978లోనే చట్టం చేసి నిషేధించారు. అయినా కొత్త పేర్లతో వస్తూనే ఉంటాయి. వచ్చినావిడ చుట్టమైనా, పక్కింటి పిన్నిగారైనా మొహమాటపడకండి. కాఫీ ఇచ్చి, కాగితం మీద ఈ లెక్క వేసి చూపించండి. ఆవిడ డబ్బు కూడా మిగలవచ్చు.