పవర్‌బ్యాంకుతో టీ కాగుతుందా?

10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు లోపలి సెల్ 3.7 వోల్టులది. ఆ రెండూ గుణిస్తే అందులోని శక్తి 37 వాట్-అవర్లు. ఒక కప్పు, అంటే 150 మిల్లీలీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి మరగడానికి 13 వాట్-అవర్లు చాలు. కాగితం మీద రెండు కప్పుల టీ సిద్ధం! మరి ఎందుకు కాగదు? దాని అడుగున చీమతలకాయంత అక్షరాల్లో 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే, అది ఇవ్వగలిగింది 10 వాట్లే. 1,500 వాట్ల కెటిల్ అర నిమిషంలో చేసే పనికి దీనికి గంట దాటుతుంది; ఈలోగా వేడంతా గాలిపాలు.

20,000 ఎంఏహెచ్‌ది కొంటే? కుండ పెద్దదైనంత మాత్రాన చిల్లు పెద్దదవదు. అందుకే ముందు చూడాల్సింది వాట్లు, ఆ తర్వాతే ఎంఏహెచ్. నడుముకు కట్టుకునే 8 వాట్ల హీటింగ్ ప్యాడ్‌కైతే ఈ చిన్న పవర్‌బ్యాంకే, మార్పిడిలో పోయింది పోగా, దాదాపు మూడున్నర గంటలు వస్తుంది.