ఒత్తిడి: బరువు దించడం ఎలా?

కోల్‌కతాలో వాట్‌గంజ్ పక్కనే ఖిదిర్‌పూర్ రేవు ఉంది. ఓడరేవులో క్రేను బరువెత్తగానే ఇనుప మోకు బిగుసుకుంటుంది, దించగానే సడలుతుంది. మోతాదుకు మించి మళ్ళీ మళ్ళీ బరువు వేస్తే పోగులు తెగుతాయి. ఇంజనీర్లు వాడే ‘ఒత్తిడి’ అన్న మాటను వైద్యంలో ప్రచారంలోకి తెచ్చినవాడు హాన్స్ సెల్యే. ఎలుకలపై తన ప్రయోగాల ఫలితాలను ఆయన 1936లో ప్రకటించాడు.

ఆపద ఎదురైతే మన మూత్రపిండాలపైనున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ విడుదల చేస్తాయి. గుండె వేగం, రక్తంలో చక్కెర పెరుగుతాయి. పోరాడడానికీ, పారిపోవడానికీ ఇది అవసరమే. కాని రాత్రి షిఫ్టులు, అప్పుల బెంగ నెలల తరబడి సాగితే నిద్ర చెడుతుంది; రక్తపోటు పెరగవచ్చు.

మరి మీరేం చేయాలి? ఊపిరి నెమ్మదిగా వదలండి. వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. రోజూ నడవండి. వేళకు నిద్రపోండి. బాధను అయినవారితో చెప్పుకోండి. అప్పటికీ తగ్గకపోతే వైద్యుణ్ణి కలవడానికి సంకోచించకండి.